భూమికిచ్చిన అడ్వాన్సు

సర్కారు ఆఫీసులో డబ్బు చాలకపోతే ఎవరూ ఏమీ అనరు. చాలలేదని ఒక ముక్క రాసి పంపితే, విసుక్కుంటూనైనా ఇంకొంచెం ఇస్తారు. మిగిలితే మాత్రం ఆ అధికారికి మూడినట్టే. "ఇచ్చింది ఖర్చు పెట్టడం చేతగానివాడికి మళ్ళీ ఇవ్వడం దేనికి?" అని వచ్చే ఏడు కోత కోస్తారు. అందుకే మార్చి వచ్చిందంటే మా ఆఫీసు పెళ్ళివారి విడిదిలా కళకళలాడుతుంది. లారీల్లో కుర్చీలు దిగుతాయి. గోడగడియారాలు దిగుతాయి. కూర్చునే మనుషులు లేకపోయినా, తగిలించే గోడలు లేకపోయినా దిగుతూనే ఉంటాయి. డబ్బు సంగతిలో ఇది తాతలనాటి ఆచారం, నేను తప్పుబట్టను. తప్పుబట్టే నాలుకే ఉంటే ఇన్నేళ్ళు ఈ కొలువు చేసేవాణ్ణి కాదు. అయితే ఈ ఆచారాన్ని నీళ్ళకు కూడా వర్తింపజేసిన ఘనత మాత్రం మా ఉపసంచాలకులు శేషఫణి గారిదే.

నా పేరు కంబగిరయ్య. నీటి లెక్కల ప్రాంతీయ కార్యాలయంలో సూపరింటెండెంటుని. ఏ ఊళ్ళో వాన ఎంత కురిసింది, చెక్‌డ్యాంలో ఎంత నిలిచింది, బోర్లలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయి అని లెక్కగట్టి, ఆ ఊరు ఆ ఏడాది ఎంత నీళ్ళు వాడుకోవచ్చో చెప్పడం మా ఆఫీసు పని. దీనికి నీటి బడ్జెట్ అని పేరు. మంచి పనే. కాకపోతే పేరులో బడ్జెట్ అనే మాట ఉండడం పైవాళ్ళ కంట పడింది. బడ్జెట్ అన్నాక ఖజానా తెలిసిన మనిషి ఉండాలి గదా అని, ఖజానా శాఖలో తల నెరిసిన శేషఫణి గారిని తెచ్చి మా మీద కూర్చోబెట్టారు.

ఆయన దుర్మార్గుడేమీ కాదు. పరాయి సొమ్ము టీనీళ్ళు కూడా ముట్టడు. వచ్చిన వారంలోనే వానను "రాబడి" అన్నారు. చెక్‌డ్యాంను "కరెంట్ అకౌంటు" అన్నారు. బోరుబావిని "పొదుపు ఖాతా" అన్నారు. చెక్‌డ్యాంలో ఎండకు ఇగిరిపోయిన నీళ్ళను చూసి మాత్రం చాలా బాధపడ్డారు. "అనుమతి లేకుండా ఇంత మొత్తం ఎవరు డ్రా చేశారు?" అని నాకు మెమో ఇచ్చారు. సూర్యుడు మన కార్యాలయ పరిధిలోకి రాడని జవాబు రాశాను. ఎవరి పరిధిలోకి వస్తాడో కనుక్కుని తెలపవలసిందని ఇంకో మెమో వచ్చింది. అది ఇంకా నా సొరుగులోనే ఉంది.

ఆ తర్వాత అన్ని ఊళ్ళకూ సర్క్యులర్ వెళ్ళింది. దాన్ని నేనే టైపు చేయించాను కనుక నాకు కంఠతా వచ్చు. "ఇందుమూలముగా గ్రామ నీటి సంఘములకు తెలియజేయునది ఏమనగా, కేటాయించబడిన నీటిని మార్చి ముప్పై ఒకటవ తేదీ నాటికి సంపూర్ణముగా వినియోగించని గ్రామములలో సదరు మిగులు నీరు లాప్స్ అయినట్లు పరిగణించబడును. అట్టి గ్రామములకు రాబోవు సంవత్సరపు కేటాయింపు ఆ మేరకు తగ్గించబడును." కేటాయింపు తగ్గించడమంటే ఆ ఊరి బోరు మోటార్లకు కరెంటు గంటలు కోసేయడం. అంటే ఎండాకాలం వచ్చేసరికి ఊరు గొంతు పట్టుకోవడం. సర్క్యులర్‌లో ఆ మాట ఉండదు, అది రైతుకు తెలుస్తుంది.

మార్చి మొదట్లో ఒకనాటి ఉదయం గుండ్లవంక నీటి సంఘం అధ్యక్షురాలు ఓబుళమ్మ మా ఆఫీసుకు వచ్చింది. పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఎందుకంటే ఆ ముందువారమే పక్క ఊరు తంగేడుకుంట సర్పంచి తిప్పారెడ్డికి ఇదే ఆఫీసులో శాలువా కప్పారు. తిప్పారెడ్డికే కప్పినవాళ్ళు తనకు కప్పకుండా పోతారా అని ఆమె ధీమా.

ఆమె గురించి రెండు మాటలు చెప్పాలి. ఓబుళమ్మకు ఇదివరకు చీనీతోట, అంటే బత్తాయితోట, ఉండేది. కరువులో బోరు ఎండి, కాపుకొచ్చిన చెట్లన్నీ నిలువునా మాడిపోతే, వాటిని నరికించి బొగ్గుల బట్టీకి తోలింది. తర్వాత మళ్ళీ చీనీమొక్కలు తెచ్చి నాటింది. ఈ ఏడే తొలికాపు. పిందె కాయై, కాయ పండై కోతకు రావాలంటే శ్రావణం దాకా చెట్టుకు తడి అందాలి. అందుకని ఆమె కిందటి వానాకాలం నుంచే ఊరి మీద పడింది. బోర్ల కింద ఎవరూ వరి నాటకూడదంది. శనగో, కొర్రో వేసుకోమంది. వినని వాళ్ళ ఇంటిముందు మంచం వేసుకుని కూర్చుని వాళ్ళ ఏడుతరాలనూ పేరుపేరునా పలకరించింది. ఆమె నోటికి జడిసి ఊరంతా వరి మానుకున్నారు. ఫలితంగా మార్చి వచ్చినా గుండ్లవంక చెక్‌డ్యాంలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. అటువంటి వింత ఆ ఊళ్ళో ముసలివాళ్ళు కూడా ఎరగరు.

శేషఫణి గారి గదినిండా ఆ ఏడు కొన్న కొత్త కుర్చీలు ఒకదానిమీద ఒకటి కప్పు దాకా పేర్చి ఉన్నాయి. అందులోంచి ఒకటి లాగి, ప్లాస్టిక్ కవరు తీయకుండానే ఆమెను కూర్చోమన్నాను.

"సార్, మా ఊరి లెక్క తెచ్చినా," అంది ఓబుళమ్మ, శాలువా ఎక్కడుందో కళ్ళతోనే వెతుకుతూ. "నీళ్ళు మిగిలినాయి సార్."

శేషఫణి గారి చేతిలో పెన్ను ఆగిపోయింది. "మిగిలాయా?"

"అవ్ సార్! చెక్‌డ్యాం సగానికి పైనే ఉండాది. ఒక్క బోరు గూడా గుటకలేయలేదు. అన్నీ ఆడతాండాయి."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. పెద్దవ్యాధి పేరు చెప్పబోయే డాక్టరులా గొంతు తగ్గించారు. "అమ్మా, మీరు భయపడకండి. ఇంకా సమయం ఉంది. యుద్ధప్రాతిపదికన చర్యలు తీసుకుంటే ఈ పరిస్థితి నుంచి బయటపడవచ్చు."

"ఏం పరిస్థితి సార్?"

"మిగులు పరిస్థితి. ఈ నెలాఖరులోగా ఖర్చు పెట్టకపోతే ఆ నీళ్ళన్నీ లాప్స్ అవుతాయి."

"అంటే యాడికి పోతాయి సార్?"

"ఎక్కడికీ పోవు. కానీ ఉండవు."

ఓబుళమ్మ నావైపు చూసింది. నేను కుర్చీల వైపు చూశాను.

"చెక్‌డ్యాంలో ఉంటాయి గదా సార్, కండ్లకు కనపడతా?"

"కంటికి కనబడేది రికార్డుకు ప్రమాణం కాదమ్మా. తంగేడుకుంటను చూడండి. జనవరికల్లా నూరు శాతం వినియోగం. ఇవాళ ఆ ఊళ్ళో చుక్క లేదు. అదీ క్రమశిక్షణ అంటే! మీ ఊరిని చూస్తే నాకు జాలిగా ఉంది. వచ్చే ఏడు మీకు కేటాయింపు తగ్గుతుంది, మోటార్లకు కరెంటు తగ్గుతుంది. నా చేతుల్లో ఏమీ లేదు."

"అట్లయితే మా చీనీచెట్లు చచ్చిపోతాయి సార్."

"చెట్లు ఉద్యానశాఖ," అన్నారు శేషఫణి గారు. ఆయన మనసులో చెడు లేదు, పరిధి అటువంటిది.

ఓబుళమ్మ లేచింది. పట్టుచీర కొంగు దులుపుకుని, "శాలువా లేకపోతే పాయె, శాపమెందుకు పెడతారు సార్," అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే గుండ్లవంకను "నీటి వినియోగంలో వెనుకబడిన గ్రామం"గా ప్రకటించారు. వెనుకబడినవాళ్ళను ఆదుకోవడం ప్రభుత్వ ధర్మం గనుక అక్కడ జల వినియోగ వారోత్సవాలు జరపాలని తీర్మానమైంది. నన్ను పర్యవేక్షకుడిగా వేశారు. చెక్‌డ్యాం పక్కన షామియానా లేచింది. "నీటిని ఖర్చు చేద్దాం, నిల్వను నిర్మూలిద్దాం" అని పెద్ద బ్యానరు కట్టారు. తంగేడుకుంట తిప్పారెడ్డిని అనుభవజ్ఞుడిగా పిలిపించారు. ఆయన శాలువా కప్పుకునే వచ్చాడు, మార్చి ఎండలో.

"మీకు పట్టుదల లేదప్పా," అన్నాడు మైకులో. "మేము రేయింబగళ్ళు మోటార్లు ఆడించినాం. వరి నాటినాం, అది ఎండిపాయె. మళ్ళా నాటినాం, అదీ ఎండిపాయె. ఎండిపాయెనని నిలిపినామా? నిలపలేదు. జనవరికంతా బోర్లు గాలి కక్కినాయి. మనసుపెట్టి చేస్తే కానిదేముంది?"

శేషఫణి గారు చప్పట్లు కొట్టారు. జనంలోంచి ఓబుళమ్మ కేకేసింది. "రెడ్డీ, ఇప్పుడు తాగేదానికి ఏం చేస్తాండారు?"

"ట్యాంకరొస్తాది లేమ్మా," అన్నాడు తిప్పారెడ్డి. "లోటు ఊరికి ట్యాంకరిస్తారు. మిగులు ఊరికి ఎవురిస్తారు?"

ఊళ్ళో కొందరికి ఈ మాటలో న్యాయం కనబడింది. కష్టపడి మిగుల్చుకున్నందుకు తమకేదో తిక్క పట్టిందనుకున్నారు. మొదటి రెండు రోజులూ చేతనైనంత ఖర్చు పెట్టారు. ఎద్దులను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కడిగారు. అవి ఇంత శుభ్రం ఎప్పుడూ చూడక బెదిరి కట్లు తెంచుకున్నాయి. రోడ్డు మీద నీళ్ళు చల్లారు, గోడల మీద చల్లారు, చివరికి షామియానా మీద కూడా చల్లారు. నేను సాయంత్రానికి కొలిచి చూస్తే చెక్‌డ్యాం వేలెడు కూడా తగ్గలేదు. ఆ సంగతి ఫోనులో చెబితే శేషఫణి గారు నిట్టూర్చారు. "చిల్లర ఖర్చులతో అయ్యేది కాదు కంబగిరయ్యా. భారీ వ్యయం ఒకటి చూపించాలి," అన్నారు.

మరునాడు ముఖ్య అతిథిగా ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చి, చెక్‌డ్యాం గేటుకు పూలదండ వేయించి, రిబ్బను కత్తిరించి, గేటు ఎత్తించారు.

నేను చాలా చూశాను ఈ ఉద్యోగంలో. అయినా ఆ నీళ్ళు దుముకుతూ వెళ్ళి ఎండిన వంకలో ఇసుక మీద పడి, నాలుగు బారలు పోయీ పోకముందే ఇంకిపోతుంటే చూడలేక లెక్కల పుస్తకం మూసేశాను. బ్యాండువాళ్ళు వాయిస్తూనే ఉన్నారు, వాళ్ళకు గంటల లెక్కన మాట్లాడాం. ఓబుళమ్మ కాసేపు చూసింది. తర్వాత చెప్పులు విడిచి, గట్టుమీదుగా నడిచి వచ్చి, ముఖ్య అతిథి చేతిలోంచి గేటు తిప్పే చక్రం లాక్కుని తిప్పడం మొదలుపెట్టింది. పక్కనున్న ఆడవాళ్ళు వచ్చి తలొక చేయి వేశారు. గేటు మూసుకునేసరికి మూడోవంతు నీళ్ళు వెళ్ళిపోయాయి.

"కార్యక్రమం ఇంకా ముగియలేదమ్మా," అన్నారు శేషఫణి గారు.

"నాకు ముగిసింది సార్," అంది ఓబుళమ్మ. ఆమె ఏడవడం నేను చూడలేదని చెప్పలేను. కోపంగానే ఏడ్చింది.

నెలాఖరు రెండు మూడు రోజుల్లో ఉందనగా ఆమె మళ్ళీ ఆఫీసుకు వచ్చింది. ఈసారి నేతచీరలో వచ్చింది. కాళ్ళకు బురద ఉంది. ఊరివాళ్ళు ఆమెను ముందుకు తోసి వెనక వరండాలో నిలబడ్డారు. మా ఆఫీసులో అప్పుడు కుర్చీల లారీ ఇంకొకటి దిగుతోంది. గదిలో చోటు లేక గడియారాల పెట్టెల మీదే కుర్చీలు ఎక్కిస్తున్నారు. వాటి మధ్యనుంచి దారి చేసుకుని వచ్చి ఆమె నిలబడింది.

"సార్, బతిమాలుకునేదానికి వచ్చినా. ఆ ఉండే నీళ్ళు వదిలేయండి. వచ్చే ఏడు మీ ఇష్టం."

"చట్టం బతిమాలితే వినదమ్మా," అన్నారు శేషఫణి గారు. ఆయనకు నిజంగానే బాధగా ఉంది. "నిల్వ కనబడకూడదు. అంతే."

ఆమె లారీ దింపుతున్న వైపు తిరిగింది. "ఈ కుర్చీలన్నీ ఎవురికోసరం సార్?" అని నన్నడిగింది.

"ఎవరికోసమూ కాదు ఓబుళమ్మా. ఖర్చు కోసం," అన్నాను.

"ఎప్పుడు కూర్చుంటారు వీటిలో?"

"కావలసినప్పుడు. ప్రస్తుతానికి గోడౌన్లో పెడతాం. కిందటేటివి కూడా అక్కడే ఉన్నాయి."

"అంటే కొన్నారు, వాడలేదు, లోపల పెట్టినారు. అయినా ఖర్చయినట్టేనా?"

శేషఫణి గారు తలెత్తారు. ఖజానా సూత్రాల మీద ఎవరైనా సందేహం అడిగితే ఆయన ముఖం వికసిస్తుంది. "ముమ్మాటికీ! వాడకం వేరు, వ్యయం వేరు. మార్చిలో మనకు కావలసింది వ్యయం. వాడకం ఎప్పుడైనా పెట్టుకోవచ్చు."

"అట్లయితే మా నీళ్ళు గూడా గోడౌన్లో పెట్టేస్తాం సార్."

"ఏ గోడౌను?"

ఓబుళమ్మ బురదకాలితో నేలను రెండుసార్లు తట్టింది. "ఈడ. కింద. ఎండిపోయిన పాత బావులుండాయి. బోర్ల పక్కన గుంతలు తీసి రాళ్ళేస్తాం. చెక్‌డ్యాం నీళ్ళన్నీ దాంట్లోకి పంపించేస్తాం. పైన చుక్క మిగలదు."

"కుదరదమ్మా. పైన పెట్టినా కింద పెట్టినా నిల్వ నిల్వే."

"నిల్వ యాడుంటాది సార్? ఒగసారి లోపలికి పాయెనంటే నా చేతిలో ఉంటాదా? మళ్ళా ఇయ్యొచ్చు, ఇయ్యకపోవచ్చు. దాని ఇష్టం."

శేషఫణి గారు ఒక్కసారిగా కుర్చీలోంచి లేచారు. నేను భయపడ్డాను గానీ ఆయన ముఖంలో కోపం లేదు. మోక్షం కనబడినవాడిలా ఉన్నారు. "మళ్ళీ ఇస్తుందని నమ్మకం లేదా?"

"లేదు సార్."

"ఎప్పుడిస్తుందో తెలియదా?"

"ఎట్ల తెలుస్తాది?"

"కంబగిరయ్యా! ఇది నిల్వ కాదయ్యా. ఇది అడ్వాన్సు!" ఆయన బల్ల మీద చరిచారు. "ఖజానాలో ఉండగా మార్చి నెలాఖరున రోడ్లవాళ్ళకూ కట్టడాలవాళ్ళకూ మేం ఇచ్చినవన్నీ ఇవే. ఒక వంతెనకు అడ్వాన్సు ఇచ్చి నేను ఇక్కడికొచ్చేశాను. వంతెన ఇంకా రాలేదు. ఖర్చు మాత్రం ఆనాడే లెక్కలోకి వచ్చేసింది. ఫారం తీయండి!"

అడ్వాన్సు ఫారం తీసి నేనే నింపాను. "పుచ్చుకొనువారి పేరు" అన్నచోట భూమి అని రాశాను. "తండ్రి లేక భర్త పేరు" దగ్గర కలం ఆగింది. ఆకాశం అని రాయబోయి, ఆయన ఏడాదికొకసారైనా ఇంటిముఖం చూడని మనిషి గదా, రేపు విచారణకు పిలిస్తే రాడని "వర్తించదు" అని రాశాను. చిరునామా దగ్గర "గుండ్లవంక, కాళ్ళ కింద" అని రాశాను. శేషఫణి గారు అక్షరం అక్షరం చదివి, "బ్యాంకు ఖాతా లేదా?" అని అడిగి, లేదంటే నొచ్చుకుని, సంతకం పెట్టారు.

ఇక గుండ్లవంకలో ఆ రెండు మూడు రోజులూ జరిగింది చూడాలి. వారోత్సవాల్లో ఎద్దుల్ని కడగడానికి ముందుకు రానివాళ్ళు కూడా పారలు పట్టుకుని వచ్చారు. కాలువలు తీశారు, పైపులు వేశారు, బోర్ల చుట్టూ గుంతలు తవ్వి రాళ్ళు నింపారు. పాత బావుల్లోకి నీళ్ళు దూకుతుంటే అడుగున ఎన్నేళ్ళుగానో కాపురం ఉన్న పావురాలు లేచిపోయాయి. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం శేషఫణి గారు స్వయంగా గొడుగు వేసుకుని వచ్చి చెక్‌డ్యాం గట్టున నిలబడ్డారు. అడుగున బురద, బురదలో రెండు ఎండ్రకాయలు తప్ప ఏమీ లేవు. "నూరు శాతం వినియోగం," అన్నారు ఆయన, తృప్తిగా. ఆనాడు తన సొంత శాలువా తీసి ఓబుళమ్మకు కప్పారు. ఆమె దాన్ని చేత్తో పట్టుకుని ఖాళీ అయిన చెక్‌డ్యాం వైపే చూస్తూ నిలబడింది. పక్కనున్న ఆడమనిషితో మెల్లగా "ఇయ్యకపోతే ఏం జేస్తామే?" అనడం నాకు వినబడింది.

ఇచ్చింది. చైత్రంలో ఇచ్చింది, వైశాఖంలో ఇచ్చింది. జ్యేష్ఠంలో తంగేడుకుంటలో ట్యాంకరు దగ్గర బిందెలతో జుట్లు పట్టుకుంటున్నప్పుడు గుండ్లవంకలో బోర్లు వంతులవారీగా ఆడుతున్నాయి. అయితే పుచ్చుకున్నదంతా తిరిగి ఇవ్వలేదు. కొంత తన దారిన తాను కిందకు జారి తంగేడుకుంట పాతబావిలో తేలింది. భూమికి ఊరి పొలిమేరలు తెలియవు. ఆ నీళ్ళను తిప్పారెడ్డి ఉత్సాహంగా తోడించి ఇంకోసారి వరి నాటాడు. దానికి ఆయనకు ఇంకో శాలువా వచ్చింది. గుండ్లవంకలో ఆషాఢం చివరికి వంతులు మరీ దూరమయ్యాయి. ఓబుళమ్మ తోటలో చెట్లన్నిటికీ తడి చాలక, వంక వైపున్న నాలుగు వరసలను ఆమె వదిలేసుకుంది. ఏవి బతకాలో ఏవి చావాలో తనే తేల్చుకుని, ఆ వరసల వైపు పైపు మళ్ళించడం మానేసింది. అటువైపు నడవడం కూడా మానేసిందని వాళ్ళూరివాళ్ళు చెప్పారు.

శ్రావణంలో మా ఆఫీసుకు ఆడిట్ వచ్చింది. వాన మాత్రం ఇంకా రాలేదు. ఆడిట్ అధికారి కూర్మారావు గారిది ఎక్కడో శ్రీకాకుళం వైపు. సన్నగా, చల్లగా ఉండే మనిషి. ఫైలు వాసన చూసి తప్పు చెప్పగలడని పేరు. ఆయన రెండో రోజే గుండ్లవంక ఫైలు పట్టుకున్నారు.

"ఈ భూమి ఎవరండీ?"

శేషఫణి గారు కిందికి, నేలవైపు వేలు చూపించారు.

"అడ్వాన్సు తీసుకుని ఇన్ని నెలలైంది. సర్దుబాటు ఏదీ? రసీదు ఏదీ? పుచ్చుకున్నవారి నుంచి రసీదు లేకపోతే మొత్తం అడ్వాన్సు వసూలు చెయ్యాలి. ఊరి మోటార్లకు కరెంటు ఈ రోజే ఆపండి. అంత నీళ్ళూ తిరిగి చెక్‌డ్యాంలో జమ అయ్యేదాకా ఇవ్వకండి."

కబురు విని ఓబుళమ్మ పరుగున వచ్చింది. కాయ రంగు తిరుగుతోంది. ఇంకో రెండు తడులు పడితే కోత. ఇప్పుడు కరెంటు ఆగితే చెట్టు మీదున్నదంతా రాలిపోతుంది. ఆమె చంకలో ఒక గంప ఉంది. గంపలో తోటలో మొట్టమొదట పండిన కాయలు ఉన్నాయి.

"రసీదు కావల్లంట గదా సార్. తెచ్చినా," అని గంప బల్లమీద పెట్టింది.

"ఇవి పండ్లమ్మా," అన్నారు కూర్మారావు గారు.

"నేనిచ్చిన నీళ్ళు తీసుకొనిందని ఇదే గుర్తు సార్. సంతకం పెట్టేది దానికి రాదు. కాయలు కాసేది ఒగటే వచ్చు."

కూర్మారావు గారు ఒక కాయ తీసుకుని తిప్పితిప్పి చూశారు. "పరిశీలించకుండా ఏ రసీదునూ అంగీకరించను," అని తొక్క ఒలిచారు. ఒక తొన నోట్లో వేసుకున్నారు. ఇంకో తొన వేసుకున్నారు. మొత్తం పరిశీలించారు. "ఒక్కటి చూసి చెప్పలేం," అని రెండోది తీశారు. అంతకంటే జాగ్రత్తగా పరిశీలించారు. శేషఫణి గారిని కూడా స్వతంత్రంగా పరిశీలించమన్నారు. నన్ను సాక్షిగా పరిశీలించమన్నారు. మధ్యాహ్నానికి గంపలో పండ్లన్నీ అయిపోయాయి. నేను ఇన్నేళ్ళలో అంత తీయని రసీదు చూడలేదు.

గంప అడుగున ఇంకొక కాయ ఉంది. గోళీకాయంత, నల్లగా, ముడతలు పడి, రాయిలా బిగిసి ఉంది. కూర్మారావు గారు దాన్ని వేళ్ళతో నొక్కి, "ఇదేమిటమ్మా?" అన్నారు.

"అది గూడా రసీదే సార్," అంది ఓబుళమ్మ. "ఆ పొద్దు దండేసి, గేటెత్తి, ఇసకకు పోసినారే, ఆ నీళ్ళది. అవి ఉండింటే ఈ నాలుగు వరసలు బతికుండు. మీ ఫైలులోనే పెట్టుకోండి."

శేషఫణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన వేళ్ళకు ఇంకా చీనీవాసన ఉంది.

ఆడిట్ నివేదిక నెల తిరిగేసరికి వచ్చింది. భూమికి ఇచ్చిన అడ్వాన్సుకు రసీదు సమర్పించినట్లు తెలుస్తోంది గానీ, ఫైలులో చూడగా అది కనబడలేదు, కావున అభ్యంతరం పెండింగులో ఉంచడమైనది, ప్రతి సంవత్సరం నకలు సమర్పించవలెను అని రాశారు. అభ్యంతరం పెండింగులో ఉన్నంతకాలం వసూలు చేయడానికి వీల్లేదు గనుక గుండ్లవంకకు కరెంటు ఆగలేదు. ఓబుళమ్మ మిగిలిన కాయ కోసింది.

జల వినియోగ వారోత్సవంలో గేటు ఎత్తి వదిలిన నీటికి మాత్రం ఏ అభ్యంతరమూ లేదట. దాని రసీదు ఫైలులో చెక్కుచెదరకుండా ఉంది.